అమ్మ దారిలో: రేపల్లె నుంచి హంసలదీవి దాకా

మొదటి రోజు, రేపల్లె

అమ్మ సంవత్సరీకం హైదరాబాదులో అన్నయ్య ఇంట్లో జరిగింది. అది అయ్యాక ఆమె బతుకంతా గడిచిన రెండు ఊళ్లనూ వరసగా చూసి వద్దామని నేనూ అన్నయ్యా అనుకున్నాం. అమ్మ పుట్టింది 1957లో. ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడు పుట్టిందని తాతయ్య గుర్తు పెట్టుకున్నాడు. పుట్టిల్లు దివిసీమలో, కోడూరుకు దిగువన, రాత్రిపూట సముద్రం హోరు వినపడే ఊరు. మెట్టినిల్లు కృష్ణకు ఇవతల, రేపల్లె దగ్గర. ఇప్పుడు కారెక్కితే పొద్దున బయల్దేరి టిఫిన్ వేళకు అక్కడుంటాం. 1975లో ఆమె పెళ్లికూతురుగా వచ్చినప్పుడు ఏరు పడవలో దాటి, ఇవతలి ఒడ్డున ఎడ్లబండి ఎక్కి, దీపాలు పెట్టేవేళకు అత్తారింటి గడప తొక్కిందట.

వెళ్లడానికి ఒక పని కూడా ఉంది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం ఇంకా అమ్మ పేరునే ఉంది. మావయ్య కొడుకు దాన్ని కౌలుకు చేస్తున్నాడు. దాని సంగతి ఏదో ఒకటి తేల్చాలి.

రాత్రి డెల్టా రైలెక్కి తెల్లారేసరికి తెనాలి దాటాం. తెనాలి నుంచి రేపల్లె దాకా ఒంటి లైను. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే రెండు పక్కలా వరి పండి ఒరిగి ఉంది. కొన్ని చోట్ల కోతలు మొదలయ్యాయి, కొన్ని చోట్ల పనలు ఆరుతున్నాయి. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. అమ్మ ఎప్పుడైనా హైదరాబాదు వస్తే తిరుగు రైలు దిగి, స్టేషన్ బయట నిలబడి ముందు ఆకాశం చూసేది. మబ్బు పట్టిందా, గాలి ఎటు తిరిగింది, కోతకు ఆగాలా వద్దా. మా యోగక్షేమాలు ఆ తర్వాతే.

ఊళ్లో ఇల్లు తాళం వేసి ఉంది. పక్కింటి పిన్ని తాళం తీసిచ్చి, మా ఇద్దరికీ కాఫీ పెట్టిచ్చింది. వసారాలో మూలకు చేట, జల్లెడ, మినుములు పోసే పెద్ద కుండ అలాగే ఉన్నాయి. కుండ మూతకు ఆరిపోయిన పేడ అంటుకునే ఉంది.

ఆ కుండ గురించి చెప్పాలి. నేను వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేస్తున్నాను, విత్తనం నిల్వ గురించి రైతులకు చెప్పడం నా పనిలో భాగం. అపరాల విత్తనంలో తేమ 9 శాతానికి మించకూడదని మేం మీటరు పెట్టి చూస్తాం. అమ్మ ఒక గింజ తీసి పంటి కింద పెట్టేది. టక్కుమని రెండుగా పగిలితే సరే. పళ్లకు మెత్తగా తగిలితే ఇంకో రెండు ఎండలు. ఎండబెట్టిన మినుములు చల్లారేదాకా ఆగి, జల్లించిన బూడిద కలిపి కుండలో పోసేది. పైన రెండు దోసిళ్ల వేపాకు, దానిమీద మూత, అంచు చుట్టూ పేడ. నా ఎరుకలో ఆ కుండలో ఒక్క ఏడు కూడా పెంకుపురుగు పడలేదు. ఊళ్లో సగం మంది విత్తనం అయిపోయిందంటూ కార్తీకంలో మా గడపకే వచ్చేవాళ్లు. అమ్మ శేరుకు శేరు కొలిచి ఇచ్చి, పంటయ్యాక శేరున్నర తీసుకునేది.

చేలో ఆమె నిర్ణయాలు ఇంకా గట్టివి. మా వైపు వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందే నిలబడ్డ పైరులో మినుములు చల్లుతారు. వరి పనలు తీసేసరికి కింద మొలక వచ్చి ఉంటుంది. ఇక దానికి తడి పెట్టేది లేదు, భూమిలో మిగిలిన చెమ్మ, పైన పడే మంచు, అంతే. అందుకని చల్లే రోజు తప్పితే పంట తప్పినట్టే. తడి ఎక్కువైతే గింజ కుళ్లుతుంది, తక్కువైతే మొలవదు. అమ్మ చెప్పులు గట్టుమీద వదిలి, చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని చేలోకి దిగేది. కుడికాలు నొక్కిపెట్టి ఒక్క క్షణం ఆగి తీసేది. వంగి ఆ అడుగు గుర్తు చూసేది. అందులోకి నీళ్లు ఊరితే "ఇంకా రెండ్రోజులు" అనేది. గుర్తు అచ్చుగా పడి, నీరు ఊరకపోతే "రేపు పొద్దున్నే" అనేది. నాన్న మరో మాట మాట్లాడకుండా మనుషుల్ని పిలవడానికి వెళ్లేవాడు.

నాన్న మంచి సేద్యగాడే. అరక, నీళ్లు పెట్టుకోవడం, ధాన్యం బేరం ఆయనవి. విత్తనం, ఊడుపు మనుషులు, కలుపు, గేదెలు, కూలీలకు అన్నం, లెక్కలు అమ్మవి. సొసైటీలో అప్పు నాన్న పేరు, పాసుపుస్తకం నాన్న పేరు. జనాభా లెక్కలకు వచ్చినాయన అమ్మ వృత్తి దగ్గర "ఇంటిపని" అని రాసుకుంటుంటే, పక్కనే ఉన్న నాన్న "అదేంటండీ, వ్యవసాయం అని రాయండి" అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను. నాన్న మీద నాకున్న గౌరవంలో సగం ఆ రోజుదే.

సాయంత్రం పిన్ని వచ్చి కూర్చుని, "మీ అమ్మ ఉన్నన్నాళ్లూ ఈ బజారులో బాలింతరాలికి మొదటి నెల పాలు ఊరికే వెళ్లేవమ్మా. ఎవరికీ చెప్పనిచ్చేది కాదు" అంది. మాకూ తెలియదు ఆ సంగతి.

రెండో రోజు, ఏరు దాటి

పొద్దున్నే పెనుమూడి వచ్చాం. వారధి మీదికి ఎక్కగానే కృష్ణ వెడల్పంతా కనపడుతుంది. అటు ఒడ్డున పులిగడ్డ. అక్కడే ఏరు రెండు పాయలవుతుంది, ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. పులిగడ్డ దగ్గర పాయ మీదుగా అక్విడక్టు కట్టి కాలువ నీళ్లు సీమలోకి తీసుకుపోయారు. చుట్టూ నీళ్లున్నా సేద్యానికి ఆ కాలువే దిక్కు, ఎందుకంటే కింద తవ్వితే వచ్చేది ఉప్పునీరు.

వంతెన రాకముందు అమ్మ ఈ రేవులో ఎన్నిసార్లు పడవ ఎక్కిందో. అన్నయ్యను చంకనేసుకుని, నేను పుట్టాక నన్ను చంకకు మార్చి అన్నయ్య చెయ్యి పట్టుకుని. పుట్టింటికి వెళ్లేటప్పుడు ఒక సంచి, వచ్చేటప్పుడు మూడు. తాటి తేగలు, ఎండు రొయ్యలు, అమ్మమ్మ పట్టిన అప్పడాలు. 2016 పుష్కరాలకు మేం కారులో వంతెన మీద తీసుకెళితే అమ్మ కిటికీలోంచి కిందికి చూస్తూ, "ఇంత తేలిగ్గా ఉంటే ఇంకో పదిసార్లు వచ్చేదాన్నిరా, మా అమ్మ ఉండగా" అంది. అన్నయ్య కారు ఆపేశాడు. నేనూ ఏమీ అనలేకపోయాను.

మోపిదేవిలో ఆగాం. ఇక్కడ సుబ్రహ్మణ్యేశ్వరుడు పాము చుట్టల మీద లింగరూపంలో ఉంటాడు. పిల్లలు కావాలని మొక్కుకునేవాళ్లు, చెవులు కుట్టించేవాళ్లు, పుట్టలో పాలు పోసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మా ఇద్దరి చెవులూ ఇక్కడే కుట్టించారు. నాకు చెవులు కుట్టించేటప్పుడు అమ్మ నా మొహం తన పొట్టకు అదిమి పట్టుకుందని మావయ్య చెబుతాడు. దర్శనం తొందరగానే అయింది. అవనిగడ్డలో టిఫిన్ చేసి కోడూరు రోడ్డు పట్టాం.

మావయ్యకు డెబ్బై దాటాయి. గుమ్మంలోనే మా ఇద్దరినీ దగ్గరికి తీసుకుని చాలాసేపు వదల్లేదు. అత్తయ్య గోంగూర పచ్చడి, చింతచిగురు వేసిన రొయ్యలు పెట్టింది. చింతచిగురు ఈ కాలంలో ఎక్కడిదత్తా అంటే, ఎండబెట్టి దాచిందట, "మీ అమ్మకి ఇష్టమని ప్రతేడూ దాస్తాను. ఈ ఏడూ చెయ్యి అలవాటుగా దాచేసింది" అంది.

భోజనాలయ్యాక మావయ్య అడగకుండానే ఉప్పెన సంగతి ఎత్తాడు. మేం చాలాసార్లు విన్నాం. అయినా ఈ ఇంట్లో, ఆయన నోట, మళ్లీ విన్నాం.

1977 నవంబరు 19, శనివారం. ముందు రోజు నుంచీ గాలీ వానా. సాయంకాలానికి గాలి పెరిగి తాటాకు కప్పులు లేచిపోయాయి. ఆ తర్వాత సముద్రం వచ్చింది. చూసినవాళ్లంతా తాడిచెట్టంత అల అనే చెబుతారు. మావయ్యా తాతయ్యా వెల్లువలో కొట్టుకుపోతూ ఒక తాడిచెట్టు దొరికితే రాత్రంతా దాన్ని కావిలించుకున్నారు. మట్టలు గీరిన గుర్తులు మావయ్య ఛాతీ మీద ఇప్పటికీ ఉన్నాయి. అమ్మమ్మ గుడి అరుగు ఎక్కి బతికింది. ముత్తవ్వా, అమ్మ చెల్లెలూ దొరకలేదు. ఆ చెల్లెలికి తొమ్మిదేళ్లు. ఆ ఒక్క రాత్రిలో పోయినవాళ్లు సర్కారు లెక్కలోనే పదివేల దాకా ఉన్నారు. నాలి, సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి.

ఇవతల రేపల్లె వైపూ గాలి వదల్లేదు. అమ్మకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఇంటి కప్పు లేచిపోతుంటే ఏడాది పిల్లాడైన అన్నయ్యను చీర చెంగుతో పొట్టకు కట్టుకుని గాదె కింద దూరింది. గాలి తగ్గాక దివి నుంచి కబురు లేదు, మనిషి లేడు. రోడ్లు లేవు, రేవులో పడవలు లేవు. కొన్నాళ్లకు పడవ దొరికీ దొరకగానే నాన్న వద్దంటున్నా పిల్లాణ్ని అత్తగారికి అప్పజెప్పి, రెండు కుంచాల అటుకులు, బెల్లం, పాత బట్టలు మూట కట్టుకుని నాన్నతో పాటు ఏరు దాటింది. పులిగడ్డ నుంచి బురదలో నడక.

"ఆ బురదలో మీ అమ్మ నడుచుకుంటా వచ్చింది చూడమ్మా," అన్నాడు మావయ్య, "మేము పోయామనుకునే వచ్చింది. నన్ను చూసి ఏడవలా. మూట విప్పి, ముందు తినన్నాయ్ అంది. మా అమ్మ నోట్లో అటుకులు తనే పెట్టింది. అంతా తిన్నాక అప్పుడు ఏడిచింది."

మూడో రోజు, హంసలదీవి, ఆ తర్వాత పొలం

పొద్దు పొడవకముందే హంసలదీవి వెళ్లాం. వేణుగోపాలస్వామి గుడిలో అర్చన చేయించుకుని పాలకాయతిప్ప మీదుగా సాగర సంగమం దాకా పోయాం. కారు కొంత దూరమే, మిగతాది ఇసుకలో. ఒక పక్క మడ చెట్లు. చివర కృష్ణ సముద్రంలో కలిసేచోట నీటి రంగు రెండుగా కనపడుతుంది. మాఘ పౌర్ణమికి ఇక్కడ తిరణాల, వేలమంది స్నానాలు చేస్తారు. ఆ పొద్దు మేమూ, దూరంగా వల సర్దుకుంటున్న ఇద్దరు జాలరులూ, అంతే. అన్నయ్య మునిగి నువ్వులూ నీళ్లూ వదిలాడు. నాన్నకూ అమ్మకూ వదిలాక, నేను అడిగితే, చిన్నమ్మకూ ముత్తవ్వకూ కూడా వదిలాడు. వాళ్లకు ఆ పని ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో. అమ్మ బతికున్నన్నాళ్లూ చెల్లెలి పేరు పైకి అనలేదు. మా అక్క కూతురి నోట్లో పాలపళ్లు ఊడుతుంటే చూసి, "దానికీ ఇట్టాగే ముందు పళ్లు లేవు" అని ఒక్కసారి అంది. పెద్దమ్మ కూతురు మా అక్క.

మధ్యాహ్నం ఎకరం దగ్గరికి వెళ్లాం.

పెళ్లప్పుడు తాతయ్య ఇచ్చింది ఇదే. రెండేళ్లకే ఉప్పెన దీని మీదుగా పోయింది. నీళ్లు తీశాక నేల తెల్లగా ఉప్పు పట్టింది. ఆ మట్టి నాలుక మీద పెట్టి చూశానని మావయ్య అంటాడు. బాగుచేయడం ఏడాదో రెండేళ్లో పని కాదు. గట్లు ఎత్తు చేయడం, కాలువ నీళ్లు నిండా పెట్టి నాననివ్వడం, బోదెలు తీసి ఆ నీళ్లు వదిలేయడం, మళ్లీ పెట్టడం. పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి, పూత రాకముందే కలియదున్నడం. మొదట్లో వరి వేస్తే చెక్కలు చెక్కలుగా మాడిపోయింది. జీలుగ విత్తనం అమ్మ ఇవతలి నుంచి పడవలో పంపేది. ఎకరం తనదైనా చాకిరి మావయ్యది అని, పంట వచ్చిన మొదటి మూడేళ్లు ఆమె గింజ కూడా తీసుకోలేదు.

ఇప్పుడు బావ ఇందులో 1061 రకం వరి వేశాడు. కంకులు బరువుగా ఉన్నాయి. కానీ గట్టుకు అటుపక్క రొయ్యల చెరువు. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. చెరువులో ఉప్పునీరు పక్క చేలోకి ఊరుతుంది, గట్టు వారగా బారెడు మేర వరి ఎర్రబారి ఉంది. బావ ఆ మేరకు కందకం తవ్వి నీళ్లు మళ్లిస్తున్నాడు.

మేం వచ్చామని తెలిసి ఒకాయన మోటారు సైకిల్ మీద వచ్చాడు. చెరువు లీజులు కుదిర్చే మనిషి. మర్యాదగానే మాట్లాడాడు. వరి కౌలుకు మూడు రెట్లు ఇప్పిస్తానన్నాడు, అడ్వాన్సు రేపే అన్నాడు. "అమ్మగారిని కూడా చాలాసార్లు అడిగామండి, ఒప్పుకోలేదు. మీరు చదువుకున్నవాళ్లు గదా" అన్నాడు.

అన్నయ్య నా వైపు చూశాడు. ఇద్దరం ఉద్యోగస్తులం, ఆ డబ్బుతో మాకు జరగాల్సిందేమీ లేదు. అవసరం ఉండి చెరువుకు ఇచ్చుకున్న రైతుల్ని నేను తప్పుపట్టలేను, వరిలో మిగిలేదెంతో నాకు తెలుసు. అయినా ఒకసారి ఉప్పు కడిగిన నేల ఇది. ఎవరు కడిగారో ఎదురుగా నిలబడి ఉన్నాడు, డెబ్బై దాటిన మనిషి, గట్టు మీద చేతికర్ర ఆనించి. ఆయన ఒక్క మాట అడగలేదు, వద్దనీ అనలేదు. "మీ ఇష్టమమ్మా, మీ అమ్మ పొలం" అన్నాడంతే.

"చెరువుకి ఇవ్వమండీ" అన్నాను. అన్నయ్య తలూపాడు. లీజుల మనిషి తన ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లిపోయాడు.

తర్వాత నేను చెప్పులు విడిచి చేలోకి దిగాను. బావ నవ్వి, "అత్త కూడా ప్రతేడూ ఫోన్ చేసి కాలు పెట్టి చూశావా అని అడిగేది" అన్నాడు. కాలు తీసి చూశాను. మడమ గుంటలో కొంచెం నీరు ఊరింది. బావ మొహం వైపు చూస్తే, "రెండ్రోజులు" అన్నాడు తనే.

నాలుగో రోజు, అవనిగడ్డ, బాపట్ల

రాత్రి చాలాసేపు కాగితాల గురించే మాట్లాడుకున్నాం. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు పంట రుణమైనా, బీమా అయినా సాగు హక్కు పత్రం ఉండాలి. దానికి భూమి యజమాని సంతకం కావాలి, పదకొండు నెలలకోసారి కొత్తగా రాసుకోవాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు పెట్టరు. నా ఉద్యోగంలో రోజూ చూసే గొడవే ఇది. అమ్మ మాత్రం బావకు పెట్టేది.

ఆ సంతకం నేను నేర్పిందే. నేను రెండో తరగతిలో ఉండగా రాత్రిళ్లు నేను పలక మీద రాసుకుంటుంటే అమ్మ ఎదురుగా కూర్చుని చేటలో మినుములు ఏరేది. ఒకరోజు, నా పేరు ఎట్టా రాస్తారో చూపించు అంది. చాలా రాత్రులు పట్టింది. చివరి అక్షరం గుండ్రం మూసుకునేది కాదు. చివరిదాకా, బావ దగ్గరున్న చివరి పత్రం మీద కూడా, అది మూసుకోలేదు. బావ ఆ పత్రాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచాడు. వేలితో ఆ అక్షరాలు తడిమి చూశాను.

అవనిగడ్డలో ఒక వకీలును కలిసి మ్యుటేషన్‌కు, అంటే రికార్డుల్లో పొలం పేరు మార్పుకు, ఏమేం కావాలో రాసుకున్నాం. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, పాత పాసుపుస్తకం. పని అరగంటలో అయింది. మళ్లీ వారధి దాటి, రేపల్లె, చెరుకుపల్లి మీదుగా బాపట్ల వైపు తిరిగాం. బాపట్ల చూడాలన్నది నా కోరిక.

ఇక్కడి వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. మా ఇళ్లలో అందరూ బీపీటీలు అని పిలిచే 5204 వరి రకం, అంటే సాంబ మసూరి, బాపట్ల పేరునే మోస్తోంది. 1997లో నాకు సీటు వచ్చినప్పుడు ఊళ్లో చాలామంది ఆడపిల్లకు వ్యవసాయం చదువేమిటని అన్నారు. అమ్మ రెండో గేదెను అమ్మి ఫీజూ హాస్టలూ కట్టింది. నన్ను దించడానికి తనే బస్సులో వచ్చింది. పెట్టె హాస్టల్ గదిలో పెట్టి వెంటనే వెళ్లిపోలేదు. ప్రయోగ క్షేత్రంలో వరి మడులు చూపించమంది. కర్రలకు కట్టిన అట్టముక్కల మీద రకాల పేర్లు నాతో చదివించుకుంటూ మడి మడికీ నిలబడింది. ఒక మడి దగ్గర దుబ్బు విడదీసి పిలకలు లెక్కపెట్టింది. అక్కడ పనిచేసే పెద్దాయన ఒకరు వచ్చి, "ఏమ్మా, మీదేవూరు" అని అడిగారు. ఊరు చెప్పి, "మేమూ వరే వేస్తామండి" అంది.

ఆ మడులున్న చోటికి అన్నయ్యను తీసుకెళ్లాను. తను ఎప్పుడూ రాలేదు ఇక్కడికి. కోసేసిన మడుల్లో మినుము రకాలు మొలకెత్తి ఉన్నాయి. అన్నయ్య చాలాసేపు గట్టు మీద తిరిగాడు.

టీ తాగుతూ, ఎకరం నీ పేర రాయించుకో అన్నాడు. ఇద్దరి పేర్లా ఉండాలన్నాను. "నాన్న పొలంలో నాకు వాటా వచ్చింది. అమ్మది నీకు రావాలి. పైగా ఏటా సంతకం పెట్టడానికి నేను గుర్తుంచుకోను, నువ్వు ఉంచుకుంటావు" అన్నాడు. ఒప్పుకున్నాను. కౌలు మాత్రం మావయ్య ఉన్నన్నాళ్లూ తీసుకోనన్నాను, దానికి తను ఒప్పుకున్నాడు. నిరభ్యంతర పత్రం తను రాసిచ్చే సంగతి వకీలుకు ఫోన్ చేసి అక్కడే చెప్పేశాం. సంక్రాంతికి మళ్లీ వస్తున్నామని, అప్పటికి సాగు హక్కు పత్రం నింపి ఉంచమని బావకు కూడా చెప్పాం.